ఒకే మందు - ఇద్దరు మనుషులు

భివండీలో సాంచాల చప్పుడుకు పొద్దూ మాపూ తేడా లేదు. రాత్రి పాళీ వాళ్ళు దిగి ఇంటికి నడుస్తుంటే పగటి పాళీ వాళ్ళు డబ్బా పట్టుకొని ఎదురు వస్తుంటారు. పన్నెండు గంటల పాటు నిలుచొని, నడుస్తున్న సాంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, తెగిన పోగును అతుకుతూ, అయిపోయిన కండెను మారుస్తూ పనిచేసే మనుషులు వీళ్ళు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వీళ్ళ తాతలో తండ్రులో మగ్గం పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. పద్మానగర్‌లో ఏ సందులోకి వెళ్ళినా మన మాట వినిపిస్తుంది. ఆ ఇళ్ళలో దేవుడి పటం పక్కనో, అద్దం వెనకనో, టీవీ మీదనో సగం వాడిన గోలీల పత్తా ఒకటి కనిపిస్తుంది. అడిగితే “బీపీ గోలీలు” అంటారు. మీ ఇంట్లో కూడా ఉండవచ్చు. తాత కోసమో, నాయనమ్మ కోసమో, ఒక్కొక్క ఇంట్లో నలభై ఏళ్ళు నిండని నాన్న కోసమో.

అలాంటి ఒక ఇంటి సంగతి ఊహించుకుందాం. ఇద్దరు బావాబామ్మర్దులు. ఒకే కార్ఖానాలో పని, ఒకే సందులో కాపురం. ఇద్దరికీ రక్తపోటు ఉందని ఒకే నెలలో తెలిసింది. డాక్టరు బావకు మెటోప్రొలాల్ అనే మందు రాశాడు. బామ్మర్దికి ఆమ్లోడిపిన్ అనే మరో మందు రాశాడు. బావకు మందు కుదిరింది. తలనొప్పి పోయింది, రాత్రి నిద్ర పట్టింది. బామ్మర్దికి మాత్రం నెల తిరగకముందే చీలమండల దగ్గర కాళ్ళు ఉబ్బసాగాయి. పాళీ దిగేసరికి చెప్పులు బిగుసుకుపోతున్నాయి. ఒక సాయంత్రం అతను బావ ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

“నీ మందు మంచిగ పనిచేస్తున్నది గద బావా. నా గోలీలు ఏసుకుంటే కాళ్ళు ఉబ్బుతున్నయి. నీయి నాలుగు ఇయ్యరాదు.”

“దానికేముంది బామ్మర్దీ, బీపీ అంటే బీపీయే. పట్టుకపో.”

మూడో రోజు మధ్యాహ్నం బామ్మర్ది సాంచా ముందు నిలబడి ఉండగా కళ్ళు బైర్లు కమ్మాయి. నాడి బాగా నెమ్మదించింది. ఎదుట నాడె అటూ ఇటూ దూసుకుపోతూ ఉంది, పక్కన పట్టా తిరుగుతూ ఉంది. తోటి పనివాడు రెక్క పట్టి వెనక్కి లాగకపోతే ఏమయ్యేదో చెప్పలేం. బావకు ఏ ఇబ్బందీ కలిగించని గోలీ బామ్మర్దిని ఎందుకు పడవేసింది? ఇద్దరిదీ ఒకే జబ్బు, ఇద్దరూ మింగింది ఒకే మందు. తేడా ఎక్కడ వచ్చింది? ఈ పాఠంలో మనం తెలుసుకోవలసింది అదే.

ముందుగా రక్తపోటు అంటే ఏమిటో చూద్దాం. పేరు మంచి తెలుగు పేరు. సముద్రంలో ఆటుపోట్లు ఉంటాయని మీరు భూగోళంలో చదివారు. ఠాణే ఖాడీ ఒడ్డున నిలబడి చూస్తే నీరు ఉబికి రావడం, వెనక్కి తగ్గడం కనిపిస్తుంది. రక్తపోటు అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ పోటే గుర్తుకు వస్తుంది. గుండె ముడుచుకొన్నప్పుడు రక్తం ధమనుల గోడలను బలంగా తోస్తుంది. గుండె వదులైనప్పుడు ఆ తోపు తగ్గుతుంది. అందుకే డాక్టరు రెండు అంకెలు చెబుతాడు. 120/80 అంటే ముడుచుకొన్నప్పుడు 120, వదులైనప్పుడు 80 అని. ఇవి పాదరసం గొట్టంలో ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు లేస్తుందో చెప్పే కొలతలు. వేరు వేరు రోజుల్లో, నెమ్మదిగా కూర్చోబెట్టి చూసినా 140/90 గాని, అంతకు మించి గాని ఉంటే దాన్ని అధిక రక్తపోటు అంటారు. అది చాలామందిలో ఏ బాధా కలిగించదు. అదే దానిలోని మోసం. లోలోపల గుండెనూ, మెదడునూ, మూత్రపిండాలనూ, కళ్ళనూ దెబ్బతీస్తూ ఉంటుంది. పక్షవాతం వచ్చిన రోజున గాని కొందరికి తమకు బీపీ ఉన్న సంగతి తెలియదు.

పోటు ఎందుకు పెరుగుతుంది? నల్లాకు రబ్బరు గొట్టం తగిలించి నీళ్ళు పట్టేటప్పుడు మీరు ఒక సంగతి గమనించే ఉంటారు. మోటారు వేగం పెంచితే ధార జోరు పెరుగుతుంది. గొట్టాన్ని వేళ్ళతో నొక్కితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. గొట్టంలోకి నీళ్ళు ఎక్కువగా వదిలినా అంతే. శరీరంలో గుండె మోటారు, ధమనులు గొట్టాలు. ఇక ఒంట్లో ఎంత నీరు, ఎంత ఉప్పు నిలవాలో చూసుకునేవి మూత్రపిండాలు. రక్తపోటు మందులు కూడా ఈ మూడు చోట్లనే పట్టుకుంటాయి. మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటివి గుండె వేగాన్ని తగ్గిస్తాయి. ఆమ్లోడిపిన్ రక్తనాళాల కండరాలను వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ వంటివి ఉప్పునూ నీటినీ మూత్రంలో బయటికి పంపుతాయి. ఎనలాప్రిల్, లోసార్టాన్ వంటివి మూత్రపిండాల దగ్గర మొదలై రక్తనాళాలను బిగించే ఒక రసాయన గొలుసును మధ్యలో తెంపుతాయి. కాబట్టి “బీపీ అంటే బీపీయే” అన్న బావ మాట నిజం కాదు. జబ్బు పేరు ఒకటే గాని అది పుట్టే దారులు వేరు, మందు పనిచేసే చోట్లు వేరు.

రక్తపోటు మందుల చరిత్రలో మనకు దగ్గరి ఊరికి మంచి చోటు ఉంది. సర్పగంధి అనే చిన్న మొక్క వేరును మన వైద్యులు చాలాకాలంగా పిచ్చికీ, నిద్రలేమికీ వాడుతూ వచ్చారు. అది రక్తపోటును తగ్గిస్తుందని 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ రాశారు. బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ దాన్ని యాభైమంది రోగులకు ఇచ్చి పరీక్షించాడు. ఆ ఫలితాలను 1949లో బ్రిటన్‌లోని గుండె వైద్య పత్రికలో ప్రకటించాడు. ప్రపంచం కళ్ళు అప్పుడు ఈ వేరు మీద పడ్డాయి. 1952లో స్విట్జర్లాండులో దాని నుంచి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. 1957లో వకీల్‌కు అమెరికావారి లాస్కర్ పురస్కారం లభించింది. ఆ ఆసుపత్రి పరేలులో ఉంది. ఆ రోజుల్లో పరేలు, వర్లీ మిల్లుల్లో మగ్గాల మీద పనిచేసిన వాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉండేవారు. సర్పగంధి ఇచ్చిన వాళ్ళలో ఎక్కువమందికి పోటు తగ్గింది గాని, అందరికీ ఒకే మేరకు తగ్గలేదు. ఏ మందును పరీక్షించినా డాక్టర్లకు కనిపించే సంగతే ఇది. ఎందుకు అలా జరుగుతుందో అప్పట్లో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

మందు శరీరాన్ని ఏమి చేస్తుందో అందరమూ అడుగుతాం. శరీరం మందును ఏమి చేస్తుంది అని ఎవరూ అడగరు. మింగిన గోలీ పేగుల్లో కరిగి రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం ముందుగా కాలేయానికి వెళుతుంది. కాలేయం మందును పరాయి వస్తువుగానే చూస్తుంది. దాన్ని కొంచెం కొంచెంగా మార్చి, నీటిలో కరిగేట్టు చేసి, మూత్రం దారిలో బయటికి నెడుతుంది. ఈ పని చేసే పనివాళ్ళు ఎంజైములు. ఒక్కొక్క ఎంజైముకు ఒక్కొక్క పని. పనివాడు చురుకైనవాడైతే మందు త్వరగా ఖర్చవుతుంది. మందకొడివాడైతే మందు రక్తంలో పేరుకుపోతుంది. నిన్నటి గోలీ ఖర్చు కాకముందే ఇవాళ్టి గోలీ వచ్చి దాని మీద పడుతుంది.

ఈ సంగతి బయటపడిన తీరు కథలాగా ఉంటుంది. 1970లలో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్య కళాశాలలో రాబర్ట్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు డెబ్రిసోక్విన్ అనే రక్తపోటు మందును పరిశీలిస్తున్నాడు. మనుషుల శరీరం దాన్ని ఎలా మార్చి బయటికి పంపుతుందో తెలుసుకోవడం ఆయన పని. అందుకోసం ఆయనా, ఆయనతో పనిచేసే వాళ్ళూ తలా ఒక మోతాదు మింగారు. మిగతావాళ్ళకు ఏమీ కాలేదు. స్మిత్‌కు మాత్రం రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయింది. లేచి నిలబడలేకపోయాడు. అందరి మూత్రాన్నీ పరీక్షించి చూస్తే, మిగతావాళ్ళ మూత్రంలో మందు చాలావరకు మారిన రూపంలో ఉంది. స్మిత్ మూత్రంలో అది మింగిన రూపంలోనే ఉంది. అంటే ఆయన కాలేయంలో ఆ మందును మార్చే పనివాడు పనిచేయడం లేదన్నమాట. ఆ తరువాత ఆయన బృందం మరెంతోమందిని పరీక్షించింది. మనుషుల్లో ఈ మందును త్వరగా మార్చేవాళ్ళు, దాదాపు మార్చలేనివాళ్ళు అని రెండు తెగలు ఉన్నాయనీ, ఈ లక్షణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందనీ తేల్చింది. 1977లో ఆ పరిశోధన అచ్చయింది. ఇంచుమించు అదే కాలంలో జర్మనీలో మిషెల్ ఐకెల్‌బామ్ వేరే మందుతో ఇదే సంగతిని కనుగొన్నాడు. తన ఒంటిమీద ప్రయోగం చేసుకోవడం ఎవరూ అనుసరించవలసిన పద్ధతి కాదు గాని, ఆ రోజు స్మిత్ ఆ గోలీ మింగకపోతే ఈ తేడా తెలియడానికి ఇంకా ఎన్నేళ్ళు పట్టేదో!

ఎంజైములను తయారుచేయడానికి కావలసిన సమాచారం జన్యువులలో ఉంటుంది. జన్యువు అంటే ఏమిటో సాంచా చూసిన పిల్లలకు చెప్పడం తేలిక. జకార్డు సాంచాకు పైన చిల్లుల అట్టలు వేలాడుతూ ఉంటాయి. ఎక్కడ చిల్లి ఉందో, ఎక్కడ లేదో దాన్నిబట్టి పోగులు లేస్తాయి, గుడ్డ మీద పువ్వు పడుతుంది. ఒక చిల్లి తప్పితే పువ్వులో ఒక రేకు తేడా వస్తుంది. ఒక అట్టే ఊడిపోతే పువ్వు రూపమే మారిపోతుంది. అలాగే మన కణాల్లోని డి.ఎన్.ఎ.లో నాలుగు రసాయన అక్షరాలతో రాసిన సుమారు 300 కోట్ల అక్షరాల పాఠం ఉంటుంది. అందులో ఎంజైముల వంటి ప్రోటీనులకు నమూనాలైన భాగాలు దాదాపు 20,000. అవే జన్యువులు. ప్రతి జన్యువుకూ తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. ఇద్దరు మనుషుల పాఠాలను పక్కపక్కన పెట్టి చూస్తే సుమారు వెయ్యి అక్షరాలకు ఒకటి తేడా ఉంటుంది. వెయ్యికి ఒకటి అంటే తక్కువే అనిపిస్తుంది. 300 కోట్లలో అది లక్షల లెక్క. వాటిలో ఎక్కువ తేడాలు ఏ పనికీ అడ్డురావు. కొన్ని మాత్రం పనివాడి చేతినే మార్చివేస్తాయి. మందులకూ జన్యువులకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించే విద్యకు 1959లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ ఫోగెల్ ఒక పేరు పెట్టాడు. తెలుగులో ఔషధ జన్యుశాస్త్రం అనవచ్చు.

స్మిత్ ఒంట్లో పనిచేయని ఎంజైముకు శాస్త్రజ్ఞులు సి.వై.పి.2డి6 అని పేరు పెట్టారు. పేరు నోరు తిరగనిదే గాని గుర్తుంచుకోదగినది. దాని జన్యువు 22వ క్రోమోజోము మీద ఉంది. డెబ్రిసోక్విన్ వాడకం తరువాతి కాలంలో పోయింది. కాని అదే ఎంజైము మరెన్నో మందులను మారుస్తుంది. మన కథలో బావ వాడుతున్న మెటోప్రొలాల్ వాటిలో ఒకటి. ఆ జన్యువు రెండు ప్రతులూ చెడిన మనిషి మెటోప్రొలాల్ మింగితే, మందు అతని రక్తంలో మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువగా నిలుస్తుంది. గుండె మరీ నెమ్మదిస్తుంది, తల తిరుగుతుంది. యూరపువాళ్ళలో వందకు ఐదు నుంచి పదిమంది ఇలాంటివాళ్ళు. మన దేశంలో ఇంతకంటే తక్కువ. దీనికి ఎదురు రకం కూడా ఉంది. కొందరికి ఈ జన్యువు రెండు ప్రతులకు మించి ఉంటుంది. వాళ్ళలో మందు పనిచేసే లోపలే ఖర్చయిపోతుంది.

అలాగని “ఎంజైము మందకొడి అయితే మందు ఎక్కువగా పనిచేస్తుంది” అని సూత్రం రాసుకోకండి. లోసార్టాన్ సంగతి చూడండి. మింగిన లోసార్టాన్‌కు బలం కొంతే. కాలేయంలో సి.వై.పి.2సి9 అనే మరో ఎంజైము దాన్ని మార్చిన తరువాత పుట్టే పదార్థానికే అసలు బలం. ఇక్కడ పనివాడు మందకొడి అయితే మందు పదును తగ్గుతుంది. ఒకచోట ఎక్కువ కావడానికి కారణమైన లోపమే మరోచోట తక్కువ కావడానికి కారణం.

మన దక్షిణ దేశంలో జరిగిన ఒక పరిశోధన ఇక్కడ చెప్పుకోవాలి. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడింది. అక్కడ ఐసోనియాజిడ్ అనే క్షయ మందును రోగులకు ఇస్తూ, వాళ్ళ శరీరం దాన్ని ఎంత వేగంగా నిర్వీర్యం చేస్తుందో కొలిచారు. 1961 నాటికి అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం దక్షిణ భారత రోగుల్లో సగానికి పైగా ఈ పనిలో నెమ్మది రకం వాళ్ళే. జపానువాళ్ళలో నెమ్మది రకం చాలా తక్కువ. క్షయ మందుకూ రక్తపోటుకూ ఏమి సంబంధం అంటారా? ఐసోనియాజిడ్‌ను మార్చే ఎంజైమే హైడ్రలజిన్ అనే రక్తపోటు మందును కూడా మారుస్తుంది. 1950లలో హైడ్రలజిన్‌ను విరివిగా వాడిన రోజుల్లో కొందరికి కీళ్ళనొప్పులు, జ్వరం, ఒంటిమీద దద్దుర్లు వచ్చేవి. తమ ఒంటినే తమ రక్షణ కణాలు శత్రువుగా చూసే జబ్బు అది. పెద్ద మోతాదులో చాలాకాలం వాడిన నెమ్మది రకం వాళ్ళలోనే అది ఎక్కువగా కనిపించింది. వేగం రకం వాళ్ళకు అంత మోతాదు ఇచ్చినా పోటు సరిగా తగ్గేది కాదు. ఇప్పుడు ఆ మందును రోజూ వాడటం అరుదు. గర్భిణులకు పోటు ప్రమాదకరంగా పెరిగినప్పుడు వంటి సందర్భాల్లో ఇస్తారు.

తెలుగువాళ్ళ విషయంలోనే స్పష్టంగా తెలిసిన మరో ఉదాహరణ ఉంది. అది రక్తపోటు మందు కాదు, శస్త్రచికిత్సలో మత్తుతో పాటు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు. అది కొద్ది నిమిషాల సేపు కండరాలను పూర్తిగా వదులు చేస్తుంది. రక్తంలోని ఒక ఎంజైము దాన్ని వెంటనే విరగగొట్టడం వల్ల రోగికి మళ్ళీ ఊపిరి ఆడుతుంది. ఆ ఎంజైము లోపించినవాళ్ళకు గంటల తరబడి సొంతంగా ఊపిరి రాదు, యంత్రంతో ఊపిరి ఇస్తూ ఉండాలి. ఈ లోపం ఆర్యవైశ్యులలో ఎక్కువని మత్తు డాక్టర్లు చాలాకాలంగా గమనిస్తూ వచ్చారు. దీనికి కారణమైన జన్యు మార్పును 2006లో గుర్తించారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి 2017లో ప్రకటించిన పరిశోధన, ఈ సముదాయంలో ఆ లోపం ఇతరుల కంటే సుమారు 100 రెట్లు ఎక్కువని చెప్పింది. ఇది ఎవరి తప్పూ కాదు. ఎన్నో తరాల కింద కొద్దిమంది పూర్వుల నుంచి పెరిగి, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చిన ఏ సముదాయంలోనైనా ఏదో ఒక అరుదైన మార్పు ఇలాగే పోగుపడుతుంది. పద్మశాలీలైనా, మరొకరైనా ఇందుకు మినహాయింపు కాదు. ముందే తెలిస్తే ప్రమాదమూ లేదు. మత్తు డాక్టరు వేరే మందు వాడతాడు. “మా మేనమామకు ఆపరేషను తరువాత చాలాసేపు ఊపిరి రాలేదట” అన్న ఒక్క మాట చెబితే చాలు, ఆయన జాగ్రత్త పడతాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సముదాయాన్ని బట్టి మనిషిని లెక్కగట్టడం ప్రమాదం. ఎనలాప్రిల్ జాతి మందులు ఒక్కటే ఇచ్చినప్పుడు ఆఫ్రికా మూలాలున్న వాళ్ళలో సగటున తక్కువగా పనిచేస్తాయి. అందువల్ల బ్రిటన్‌లో వాళ్ళకు మొదటి మందుగా ఆమ్లోడిపిన్ జాతి మందును ఎంచుకొమ్మని డాక్టర్లకు సూచన ఉంది. అదే ఎనలాప్రిల్ వల్ల వచ్చే పొడిదగ్గు చైనావంటి తూర్పు దేశాల వాళ్ళలో ఎక్కువ. ఇవన్నీ సగటు లెక్కలు. మీ తరగతి సగటు ఎత్తు తెలిసినంత మాత్రాన మీ పక్కన కూర్చున్నవాడికి చొక్కా కుట్టించలేరు గదా. చర్మం రంగును చూసి గాని, ఇంటిపేరును విని గాని ఒకరి కాలేయంలో ఏ ఎంజైము ఎంత చురుకో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మరి ఒక్కొక్క మనిషిని విడిగా చూస్తే ఎంత తేడా ఉంటుంది? స్వీడన్‌లోని ఉప్సాలాలో 280 మంది రోగులతో ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. ప్రతి ఒక్కరికీ నాలుగు రకాల రక్తపోటు మందులను కొన్ని వారాల చొప్పున ఒకదాని తరువాత ఒకటి ఇచ్చారు. కొన్నింటిని రెండోసారి కూడా ఇచ్చి చూశారు. ఈ వారం తగ్గి వచ్చే వారం పెరగడం అన్నది ఎవరికైనా మామూలే కాబట్టి, రెండోసారి కూడా అదే ఫలితం వస్తుందా లేదా అన్నది ముఖ్యం. వచ్చింది. ఒకరికి బాగా పనిచేసిన మందు మరొకరికి అంతగా పనిచేయలేదు. ఆ తేడా యాదృచ్ఛికం కాదు. ఎవరికి కుదిరే మందును వాళ్ళకు ఎంచి ఇస్తే పై అంకె సగటున మరో 4.4 మిల్లీమీటర్లు తగ్గవచ్చని 2023లో వాళ్ళు ప్రకటించారు. చూడటానికి చిన్న అంకె. కాని మోతాదు రెట్టింపు చేసినా ఒక్కొక్కసారి అంత తగ్గదు.

ఈ తేడాలన్నిటికీ జన్యువులే కారణం అనుకుంటే మళ్ళీ పొరపాటు. రక్తపోటు ఒక్క జన్యువు చేతిలో లేదు. పది లక్షలమందికి పైగా మనుషుల సమాచారాన్ని జల్లెడపట్టి 2018లో ప్రకటించిన పరిశోధనలో, రక్తపోటుతో సంబంధమున్న 535 కొత్త చోట్లు డి.ఎన్.ఎ.లో కనిపించాయి. అంతకుముందే తెలిసినవి కొన్ని వందలు. ఒక్కొక్క దాని ప్రభావం రవ్వంత. జన్యువుల మాట అటుంచి, మన వంటింట్లోనే ఎన్నో కారణాలు ఉన్నాయి. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు, టీ కొట్టు దగ్గరి నమ్కీను, వీటిలోని ఉప్పు మందు బలాన్ని తగ్గిస్తుంది. రాత్రి పాళీ నిద్రను తింటుంది. మందు గోలీలు అయిపోయి పగారు దాకా ఆగడం ఇంకొక కారణం. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఒకటి ఉంది. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషికి నడుము, కాళ్ళు లాగుతాయి. దుకాణంలో డైక్లోఫెనాక్ వంటి నొప్పి గోలీ తీసుకొని మింగుతాడు. అది రోజూ అలవాటవుతుంది. ఈ జాతి నొప్పి గోలీలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవచేసి రక్తపోటును పెంచుతాయి. ఎనలాప్రిల్ వంటి మందుల పని చెడగొడతాయి. మూత్రపిండాలకూ మంచివి కావు. “మందు పనిచేయడం లేదు డాక్టర్ సాబ్” అని చెప్పే మనిషి, నొప్పి గోలీ సంగతి చెప్పడు. అది మందు అని అతను అనుకోడు.

అయితే జన్యు పరీక్ష చేయించి మందు ఎంచుకోవచ్చు గదా అని మీరు అడగవచ్చు. పరీక్షలు ఉన్నాయి. కొన్ని క్యాన్సరు మందులకూ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే కొన్ని మందులకూ కొన్ని ఆసుపత్రులలో చేస్తున్నారు. రక్తపోటుకు మాత్రం మామూలుగా చేయరు. ఇన్ని వందల జన్యువులు, ఇన్ని అలవాట్లు కలిసి నడిపే జబ్బులో ఒకటి రెండు జన్యువులను చూసి చెప్పగలిగింది కొంతే. పైగా రక్తపోటు మందుల ఫలితాన్ని తెలుసుకోవడానికి అంతకంటే చవకైన సాధనం ఉంది. అది చేతికి కట్టే పట్టా. మందు మొదలుపెట్టి కొన్ని వారాల తరువాత మళ్ళీ కొలిస్తే పనిచేసిందో లేదో అదే చెబుతుంది. పోటు తగ్గకపోయినా, కాళ్ళు ఉబ్బినా, దగ్గు వచ్చినా డాక్టరు మోతాదు మారుస్తాడు, లేదా మందు మారుస్తాడు, లేదా రెండు మందులను చిన్న మోతాదుల్లో కలిపి ఇస్తాడు. డాక్టరు మందు మార్చితే “మొదట తప్పు మందు ఇచ్చాడు” అని మన పెద్దవాళ్ళు గొణుగుతారు. తప్పు కాదు. ఒంటికి తగిన మందును వెతికే పద్ధతే అది. ఆ వెతుకులాట సాగాలంటే రోగి తిరిగి వెళ్ళాలి. మధ్యలో మానేస్తే గాని, పక్కింటి గోలీ మింగితే గాని దారి తెగిపోతుంది.

మన బామ్మర్ది తిరిగి వెళ్ళాడు. ఈసారి వెంట తొమ్మిదో తరగతి చదివే కూతురు వెళ్ళింది. దవాఖానాలో మాట్లాడేది మరాఠీ, హిందీ. పత్తా మీద అచ్చువేసేది ఇంగ్లీషు. ఇంట్లో ఆ మూడూ చదవగలిగింది ఆ పిల్లే. తండ్రి మింగిన గోలీల ఖాళీ పత్తాలన్నీ ఒక సంచిలో వేసి తెచ్చింది. డాక్టరు వాటిని బల్లమీద పరిచి చూశాడు. ఆమ్లోడిపిన్, బావగారి మెటోప్రొలాల్, వాటి కింద నొప్పి గోలీల పత్తాలు నాలుగు.

“ఇది రోజూ వేసుకుంటున్నావా?” అన్నాడు నొప్పి గోలీని చూపిస్తూ.

“పాళీ దిగినంక ఒకటి, సాబ్. అది బీపీది కాదు గదా.”

డాక్టరు నాడి చూశాడు, ఊపిరితిత్తులు కూడా విన్నాడు. నూలు దుమ్ములో ఏళ్ళ తరబడి పనిచేసిన ఛాతీలో సన్నగా పిల్లికూత వినిపించింది. ఆయాసం ఉన్నవాళ్ళకు మెటోప్రొలాల్ జాతి మందులు ఊపిరిని ఇంకా బిగించవచ్చు. తల తిరగడానికి అతని ఎంజైము మందకొడితనం కారణమో, మరొకటో ఆ గదిలో తేల్చే వీలు లేదు. ఏ కారణమైనా ఆ మందు అతనికి తగినది కాదని మాత్రం తేలిపోయింది. డాక్టరు నొప్పి గోలీ మాన్పించాడు, ఆమ్లోడిపిన్ మోతాదు సగం చేసి దానికి మరో మందు చిన్న మోతాదులో కలిపాడు. మూడు వారాల తరువాత రమ్మన్నాడు. బావ మాత్రం తన మందును ఒక్క పూట కూడా సొంతంగా మానవద్దని కబురు పంపాడు. అలాంటి మందును ఉన్నట్టుండి ఆపితే పోటు, గుండె వేగం ఒక్కసారిగా ఎగదన్నవచ్చు.

కూతురు పాత నోటుబుక్కు వెనక పేజీలో గీతలు గీసింది. తేదీ, మందు పేరు, ఎన్ని గంటలకు, పై అంకె, కింది అంకె, బాధ ఏమైనా ఉందా అని ఆరు గళ్ళు. మూడు వారాల తరువాత అందులో చివరి వరుసలో 138/86 అని ఉంది. కాళ్ళ గడిలో “కొంచెం ఉబ్బు, సాయంత్రం మాత్రమే” అని తెలుగులో రాసి ఉంది. డాక్టరు దాన్ని ఆ పిల్లతోనే చదివించుకొని, తన కాగితం మీద మరాఠీలో రాసుకున్నాడు.

ఆ సాయంత్రం బామ్మర్ది మిగిలిన రెండు గోలీలను తీసుకొని బావ ఇంటికి వెళ్ళాడు.

“నీ గోలీలు నీకే పట్టినయి బావా. పెట్టుకో.”